పుప్పాలగూడ మీదుగా ఒంటికొండకి

చందమామ మీద ఒక ఒంటికొండ ఉంది. చుట్టూ నల్లటి చదును నేల, మధ్యలో అదొక్కటే తెల్లగా నిలబడి ఉంటుంది. తొంభై ఏడు దసరా సెలవుల్లో నేను దాన్ని చూసి వచ్చాను. రానూపోనూ మూడు రోజులు పట్టింది. అందులో చాలా భాగం గోపన్‌పల్లికీ పుప్పాలగూడకీ మధ్యనే గడిచింది. చందమామ మీద ఉన్నది గంటన్నర, అదీ మధ్యమధ్య మబ్బులు అడ్డం రాగా. ఆ దారిన వెళ్ళనివాళ్ళ కోసం, డైరీ పేజీలు పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ముందు, ఎందుకు వెళ్ళానో చెప్పాలి.

మాదాపూర్

మా ఆఫీసు ఒక అద్దె ఇంటి పై అంతస్తులో ఉంది. కిటికీలోంచి చూస్తే క్రేన్లు, సగం లేచిన పెద్ద గుండ్రటి భవనం, దాని చుట్టూ ఎర్రమట్టి గుట్టలు కనిపిస్తాయి. లోపల పద్నాలుగు కంప్యూటర్లు, పద్నాలుగు మందిమి. బయటి దేశాలవాళ్ళు పంపిన ఫొటోల మీద మౌసుతో గీతలు లాగి ఎత్తుపల్లాల పటాలు తయారుచేస్తాం. కొండ ఉంటే గీతలు ఒకదానిలో ఒకటి చుట్లుగా వస్తాయి. గుంట ఉన్నా అలాగే వస్తాయి. కాకపోతే గుంట గీతలకి లోపలివైపు దువ్వెన పళ్ళలా చిన్న చిన్న గీతలు పెట్టాలి. తేడా అంతే.

ఏది కొండో ఏది గుంటో తెలియడానికి గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. వెలుగు ఎప్పుడూ ఎడమవైపు నుంచే వస్తుంది. ఎడమ పక్క తెల్లగా, కుడి పక్క నల్లగా ఉంటే కొండ. తిరగబడి ఉంటే గుంట. చేరిన మొదటి రోజున మాకు నేర్పేది అదే. భూమి పటాల్లో ఆ నియమం ఎప్పుడూ తప్పలేదు.

ఆ సెప్టెంబరులో చందమామ ఫొటోలు వచ్చాయి. తలా ఒక ముక్క. అందరి షీట్లూ అమ్మవారు పోసిన ముఖంలా గుంటలతో నిండిపోయి ఉన్నాయి. నాది మాత్రం దాదాపు ఖాళీ. మధ్యలో ఒకే ఒక్క ఆకారం: కుడి పక్క తెల్లటి మరక, ఎడమ పక్క నల్లటి మరక, ఆ నలుపు కొసదేలి ఎడమకి సాగింది. నియమం ప్రకారం అది గుంట. కొసదేలిన నలుపు గుంటలోంచి బయటికి పోయే సన్నటి లోయ. పన్నెండు చుట్లు గీసి ప్రతి చుట్టుకీ పళ్ళు పెట్టాను. మొత్తం షీటుకి రెండు వారాలు పట్టింది. మా టీమ్ లీడర్ ప్రతాప్ గారు, కర్నూలు వైపు ఆయన, దాన్ని పరీక్షించి ‘తప్పులు: సున్నా’ అని రాశారు. నేను చేరి ఆరు నెలలు కావస్తోంది. ఉద్యోగం ఖాయమైనవాళ్ళ జాబితాలో పేరు పడాలంటే ఆ సున్నా ఉండాలి.

బుధవారం సాయంత్రం గదిలో కరెంటు పోయింది. కంచానికి కుడి పక్కన కొవ్వొత్తి పెట్టుకుని అన్నం వడ్డించుకున్నాను. తెల్లటి కుప్ప. కుడి పక్క మెరుస్తోంది, ఎడమ పక్క నల్లగా ఉంది, ఆ నీడ కొసదేలి స్టీలు కంచం అంచుదాకా సాగింది. అచ్చం నా గుంట, నా లోయ. చాలాసేపు అన్నంలో చెయ్యి పెట్టలేకపోయాను.

మర్నాడు ప్రతాప్ గారి బల్ల దగ్గరికి వెళ్ళడానికి నాకు మధ్యాహ్నం అయింది.

“సార్, నా షీటులోది గుంట కాదేమోనండి.”

“ఏం? మొన్నటిదాకా గుంటే కదా?”

“వెలుగు కుడివైపు నుంచి వస్తే... కొండ అవుతుందండి.”

“వస్తే కదా! ఆ రూలు నేను పెట్టింది కాదమ్మా, క్లయింట్ పెట్టినాడు. కొండ అని నీకెవరు చెప్పినారు? పోయి చూసొచ్చినావా?”

గదిలో అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు, తర్వాత గొంతు తగ్గించారు. “సోమవారం పదకొండింటికి కొరియరోడు వస్తాడు. సీడీ పోతుంది. లిస్టు కూడా ఆ పొద్దే పెడతా. సున్నా వచ్చింది కదా, ఇంక దాన్ని గెలక్కు. సెలవులకు పోయి నిమ్మళంగా నిద్రపో.”

అది గుంటే అయితే నాకు ఏ బాధా లేదు. కొండ అయితే, నా పని మొత్తం తప్పని సోమవారం పదకొండు లోపల నేనే చెప్పాలి. లేదా నోరు మూసుకోవాలి. రెంటిలో నాకు చేతనయ్యేది రెండోదేనని నాకు తెలుసు. అందుకని, అది గుంటే కావాలని కోరుకుంటూ బయల్దేరాను.

కొండాపూర్

నేను కిరాయికి ఉండేది కొండాపూర్‌లో, అంజమ్మక్క ఇంటి వెనక గదిలో. ఆవిడ జాకెట్లు కుడుతుంది. మొదట్లో నేను ‘అంజమ్మ గారూ’ అని పిలిస్తే, “నా ఎనక ఇంకెవరన్న ఉన్నరా?” అని నిజంగానే వెనక్కి తిరిగి చూసింది. అప్పట్నుంచి అక్కా అంటున్నాను. మా రేపల్లె వైపు ముఖం తెలియనివాళ్ళని అండీ అనకపోతే పొగరు అంటారు. ఇక్కడ అంటే దూరం పెట్టినట్టు.

పండక్కి ఆ రోజు ఆఫీసు ఒంటిపూటే; ఇంటికి రాగానే నా ముఖం చూసి ఏంది సంగతి అని అడిగింది. చందమామని దగ్గరగా చూసే సాధనం ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగాను.

“గొట్టమా? మా పెద్దన్న దగ్గర ఉంటది కదా!”

యాదగిరి గారు గోపన్‌పల్లిలో ఉంటారు. అక్కడి పెద్ద విశ్వవిద్యాలయంలో గాజు పనివాడుగా చేశారు. ప్రయోగశాలలకి కావలసిన గాజు గొట్టాలు ఊదడం, వంచడం ఆయన పని.

“కొలువు దిగిపోయినంక పొద్దు పోక గాజు బిళ్ళ ఒకటి ముంగట ఏసుకొని రుద్దుడు షురూ జేసిండు. రెండేండ్లు రుద్దిండు. మా వదిన, ‘నన్నెందుకు చేస్కున్నవయ్యా, ఆ అద్దాన్నే చేస్కోకపోతివి’ అని మొత్తుకునేది.” అంజమ్మక్క మిషను మీద గుడ్డ కప్పింది. “నడువ్. ఎట్లన్న సద్దుల బతుకమ్మ, నేను పుట్టింటికి పోవాలె. నిన్ను అక్కడ అప్పజెప్త.”

గోపన్‌పల్లి

మేం చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో యాదగిరి గారి కోడలు లలిత తాంబాళంలో తంగేడు పూలు, గునుగు పూలు వరసలుగా పేరుస్తోంది. మా వైపు పూలంటే మూరలు మూరలుగా మాలకట్టి అమ్మేవి. ఇక్కడ చేలగట్లమీద కోసుకొచ్చినవాటిని కుప్పగా పేర్చి దేవతని చేస్తారు. మా చర్చిలో కోతల పండక్కి బలిపీఠం ముందు గుమ్మడికాయలు, కొత్త వడ్లు పేరుస్తాం. నాకు తెలిసినవాటిలో దీనికి దగ్గరగా ఉన్నది అదే.

“మామయ్యనా?” అంది లలిత, చేతులు ఆపకుండానే. “పుప్పాలగూడ పోయిండు గదా. బిడ్డ దగ్గరికి, మా వదినోళ్ళ ఇంటికి. ఈడ గల్లీల లైటు పెట్టిండ్రు, ఆయనకు కోపమొచ్చింది. గొట్టం భుజాన ఏసుకొని పోయిండు.”

“లైటు పెడితే ఎందుకు కోపం?” అని అడిగాను.

“చుక్కలు కనవడ్తలేవంట. ఊరంత ఖుషీ, ఆయనొక్కడే పరేషాన్.”

ఆ పూట ఇక కదిలే వీలు లేదు. ఆడవాళ్ళందరూ బతుకమ్మల్ని తెచ్చి మైదానం మధ్యలో దించారు. చుట్టూ తిరుగుతూ, వంగుతూ, చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. నేను గోడని ఆనుకుని నిలబడ్డాను. అలా నిలబడటం నాకు బాగా అలవాటు. కానీ అక్కడ గోడకి ఆనుకున్నవాళ్ళని ఎవరూ ఉండనివ్వరు. ఒక పెద్దావిడ చెయ్యి పట్టి లాగింది. మూడు చుట్లు తిరిగేలోగా ముందున్నావిడ కుచ్చిళ్ళు తొక్కాను. ఆవిడ పడబోయి నిలదొక్కుకుని, “ఏ ఊరు బిడ్డా నీది? ఆడ నేల చదునుగ ఉండదా?” అంది. చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. నిజానికి మాది కృష్ణ ఒడ్డున పొలాల ఊరు, బొత్తిగా చదును. పదిహేడేళ్ళు వచ్చేదాకా నేను కొండ అన్నది రైల్లోంచి తప్ప చూడలేదు.

తర్వాత సద్దులు పంచారు. నువ్వుల అన్నం, పులిహోర, పెరుగన్నం, రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద. నువ్వుల అన్నం నాకు కొత్త. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. నా అంతట నేను అడగడం చూసి అంజమ్మక్క ఆశ్చర్యపోయింది. తలెత్తితే సరిగ్గా సగం చందమామ. ఆ సగం గీత దగ్గర ఎక్కడో నా గుంట ఉందని తెలుసు. వట్టి కంటికి అక్కడ ఏమీ లేదు.

బండల దారి

శుక్రవారం పొద్దున్న పుప్పాలగూడకి బయల్దేరాం. కొంత దూరం ట్రాక్టరు మీద, తర్వాత బండల మధ్య కాలిదారిన. ఏనుగు మీద ఏనుగు ఎక్కి కూర్చున్నట్టు ఉంటాయి ఆ బండలు. ఒక మలుపులో నా చెప్పు తెగింది. అంజమ్మక్క తన కొంగుకున్న పిన్నీసు తీసి కుట్టినట్టు గుచ్చింది. అది మూడొందల అడుగులు ఆగింది.

చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తుంటే, దారి పక్కన సున్నం పూసిన రాళ్ళు వరసగా పాతి ఉన్న స్థలంలోంచి తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన గబగబా వచ్చాడు. అనంతపురం మాట.

“ప్లాటు చూసేకి వచ్చినారా అమ్మా? రాండి రాండి, తూర్పు ముఖం ఉండాది.”

“చూస్తున్నం గని చంద్రుని మీద,” అంది అంజమ్మక్క. “ఆడ ముంగటి రోడ్డు ఎన్ని ఫీట్లు ఇస్తరు?”

ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. “ఆడికి ఇంకా బస్సు లేదు కదమ్మా. ఈడికైతే రెండేండ్లలో వచ్చేస్తాది.” మాకు తన సీసాలోంచి చల్లటి నీళ్ళు కూడా పోశాడు.

ఇంకొంచెం ముందుకి వెళ్తే రాయి కొట్టేవాళ్ళు కనిపించారు. ఒక ఆడమనిషి బండకి చెంప ఆనించినంత దగ్గరగా వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఏం చూస్తున్నావమ్మా అని అంజమ్మక్క అడిగింది.

“ఉలి ఏడ పెట్టాలెనో చూస్తున్న. పొద్దటి ఎండ అడ్డం పడ్తది కదా, బండ మీద ఏడ ఉబ్బింది, ఏడ దిగింది అన్నీ చెప్తది. పన్నెండు అయినంక చూస్తే ఏమీ చెప్పది. అంత ఒక్కతీరుగ ఉంటది.”

“నీడ చూసి ఉబ్బో గుంటో పొరపాటు పడరా?” అన్నాను. ముక్కూ ముఖం తెలియని మనిషిని నేను ప్రశ్న అడగడం ఆ వారంలో అది రెండోసారి.

ఆవిడ నన్ను విచిత్రంగా చూసింది. “పొద్దు ఏ దిక్కు ఉన్నదో ఎరుకైతే ఎందుకు పడ్తం?”

పుప్పాలగూడ

యాదగిరి గారు కూతురి ఇంటి వెనకాల ఒక పెద్ద బండ మీద మంచం వేసుకుని కూర్చుని ఉన్నారు. సన్నటి మనిషి, ఊదా రంగు స్వెట్టరు. వేళ్ళ కొసలు గాజు పనిలో కాలి గట్టిపడ్డాయి. చెల్లెల్ని చూసి, “ఏం తెచ్చినవే?” అన్నారు. నన్ను చూసి, “ఈ బిడ్డెవరు?” అన్నారు.

“నా కిరాయిదారు. సువార్త. చంద్రుని మీద గుంటలు గీసే కొలువు,” అంది అంజమ్మక్క.

అప్పుడు ఆయన ముఖం విప్పారింది. దుప్పటి తీసి గొట్టాన్ని చూపించారు. బోరుబావికి వాడే లావుపాటి ప్లాస్టిక్ గొట్టం, అడుగున ఆయన రుద్దిన అద్దం. పట్టపగలు ఆ అద్దంలో నా ముఖం బండరాయంత కనిపించింది. సిగ్గేసి తప్పుకున్నాను.

మధ్యాహ్నం జొన్నరొట్టె, గోంగూర పెట్టారు. మా ఇంట్లో గోంగూర అంటే ఎర్ర కారం, నూనె. ఇక్కడ పప్పులో వేసి పలచగా చేశారు. అమ్మకి ఉత్తరంలో రాస్తే నమ్మదు.

తిన్నాక, ఆ అద్దం ఎలా చేశారని అడిగాను.

“రెండేండ్లు అని మా చెల్లె చెప్పి ఉంటది. అబద్ధం. పద్దెనిమిది నెలలకే అయిపోయింది. మెరుపు తెప్పించిన. పరీక్ష జేస్తే అంచు జరంత దిగింది. వెంట్రుక మందంల వెయ్యో వంతు అనుకో. చంద్రుడు మంచిగనే కనవడ్తుండె. ఎవ్వరికీ తెలువకపోవు.”

“మరి?”

“మళ్ళ గరుకు పొడి ఏసి రుద్దిన. ఆర్నెల్లు.” ఆయన గొట్టం మూత సర్దారు. “చూసేటోన్ని నేనే కదా బిడ్డా. కన్ను పెట్టినప్పుడల్ల ఆ అంచే యాదికొస్తుండె.”

 

చందమామ మీద

పొద్దు కుంకగానే మబ్బులు వచ్చాయి. అంజమ్మక్క మంచం మీద చేరగిలబడి, “గింత దూరం వస్తే ముసుగేసుకున్నడు చూడు, పెండ్లికొడుకు లెక్క,” అంది. ఏడు దాటాక మబ్బు మధ్యలో చీలింది. యాదగిరి గారు గొట్టం తిప్పి, కన్ను పెట్టే చిన్న గాజు దగ్గర నన్ను నిలబెట్టారు.

మొదట వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత వెలుగులో గచ్చు పెచ్చులూడిన గోడలాంటి నేల. అది నెమ్మదిగా కదిలి పక్కకి జారిపోతోంది; భూమి తిరుగుతోందని ఆయన చెప్పారు. నేను ఆఫీసులో చూసినవన్నీ చచ్చిన ఫొటోలు. ఇది నీళ్ళలోంచి చూస్తున్నట్టు సన్నగా వణుకుతోంది.

“ఇందులో అన్నీ తలకిందులు కనవడ్తయి. కుడి ఎడమ అని పట్టుకోకు. వెలుగున్న దిక్కు, చీకటున్న దిక్కు అని పట్టుకో. పొద్దు వెలుగు దిక్కుకు ఉంటది. ఇగ చెప్పు. ముందుగాల ఒక గుంట చూడు. వెలుగు ఏడ పడ్తుంది?”

చూశాను. గుంటల్లో సూర్యుడి వైపు గోడ నల్లగా ఉంది. అవతలి గోడ మెరుస్తోంది. బావిలోకి పొద్దున్నే తొంగిచూస్తే ఉండే తీరే.

“ఇప్పుడు చదునుకు రా. నల్లగ, నున్నగ ఉన్నది చూసినవా? దాంట్ల ఒక్కటే ఒక్కటి ఉంటది.”

ఉంది. పటంలో పన్నెండు చుట్లు గీసిన నాకు దాన్ని పరిచయం చెయ్యనక్కర్లేదు. దాని చుట్టూ ఎవరూ లేరు. మెరిసే ముఖం సూర్యుడి వైపుకి ఉంది. నలుపు అవతలి వైపు, సన్నగా కొసదేలి, చదును నేల మీద చాలా దూరం పాకి చీకట్లో కలిసిపోతోంది.

మబ్బు కప్పింది. మళ్ళీ విడింది. మళ్ళీ చూశాను. నాలుగుసార్లు చూశాను. ప్రతిసారీ, ఈసారి తిరగబడుతుందేమో, మెరుపు అవతలి గోడకి పోతుందేమో అని చూశాను.

“నువ్వు ఏది చూడాలని వచ్చినవ్ బిడ్డా?”

“గుంటండి.”

ఆయన మెల్లిగా నవ్వారు. “గుంట కాదు. దాని పేరు పీకో. కొండ.”

“పీకోనా? చీరలకు ఏస్తరే, అదా?” అంది అంజమ్మక్క మంచం మీంచి.

“నువ్వు పండుకో.” ఆయన నావైపు తిరిగారు. “నిన్న వచ్చి ఉంటే నీకు కనవడకపోవు. ఆడ ఇంక తెల్లారలే. ఇయ్యాలనే దాని మీద ఎండ పడ్డది.”

నేను నియమం సంగతి చెప్పాను. మిగతా పదమూడు మందికీ కుదిరింది నాకొక్కదానికే ఎందుకు తప్పింది? ఆయన, “పెరిగే చంద్రునికి ఒక దిక్కు నుంచి ఎండ, తరిగే చంద్రునికి ఇంకో దిక్కు నుంచి. మీవోళ్ళ ఫొటోలు తరిగేటప్పుడు తీసినవి అయి ఉంటయి. నీది పెరిగేటప్పటిది. వేరే ఫొటో కావచ్చు, జర చూసుకో,” అన్నారు. నా షీటు మూలనున్న ఫొటో అంకె మిగతావాళ్ళ అంకెలా మొదలవదని అప్పుడు గుర్తొచ్చింది. పక్కన ఒక్క గుంట ఉన్నా సరిపోల్చుకుని పట్టేసేదాన్ని. దాని పక్కన ఏమీ లేదు.

టార్చి వెలుతురులో డైరీలో బొమ్మ వేసుకున్నాను. సూర్యుడు ఎటున్నాడో బాణం గుర్తు పెట్టాను.

దసరా

మర్నాడు తిరుగు ప్రయాణం. ఇక్కడ దసరా రోజున పాలపిట్టని చూడాలట. అంజమ్మక్క దారి పొడుగునా తీగల మీదే చూపు పెట్టి నడిచి, రెండుసార్లు రాయి తగిలి తూలింది. “అగో!” అని ఆవిడ చూపించేసరికి నాకు నీలి రెక్క ఒక్కటే కనిపించింది. రెక్క కనిపించినా లెక్కేనంది. సాయంత్రం జనం జమ్మి ఆకు చేతిలో పెట్టి, బంగారం అని, గుండెలకి హత్తుకుంటారు. అలయ్ బలయ్ అంటారు దాన్ని. నాది వేరే మతమని ఎవరికీ పట్టింపు లేదు. ఆ ఒక్క సాయంత్రం కొండాపూర్‌లో నన్ను పదకొండు మంది కౌగిలించుకున్నారు. మా ఇంట్లో ఏడాదంతా కలిపినా అన్ని కౌగిలింతలు ఉండవు.

ఆదివారం చర్చిలో పెదవులు కదిలాయి గాని ఏం పాడానో తెలియదు. గదికి వచ్చి అద్దం ముందు నిలబడి, “సార్, అది కొండ” అని చెప్పి చూసుకున్నాను. మూడు మాటలు. మొదటిసారి మూడో మాట బయటికి రాలేదు. చెప్పకపోతే జాబితాలో పేరు ఉంటుంది. అమ్మకి ఉత్తరం రాయొచ్చు. పటం ఎక్కడో దూరదేశంలో ఏ బీరువాలోనో పడి ఉంటుంది. అక్కడికి ఎవరు వెళ్ళి చూస్తారు? ఆ వాక్యం డైరీలో రాసి, చదివి, కొట్టేశాను. నేను వెళ్ళి చూశాను కదా.

మళ్ళీ మాదాపూర్

సోమవారం తొమ్మిదిన్నరకే వెళ్ళాను. ప్రతాప్ గారు హెల్మెట్ తీస్తున్నారు. ఆయన కూర్చునేదాకా ఆగితే నా ధైర్యం కూర్చుండిపోతుందని నిలబడే చెప్పేశాను.

“సార్, అది కొండ.”

“మళ్ళా అదేనా?”

డైరీ తెరిచి బల్ల మీద పెట్టాను. బాణం గుర్తు చూపించాను. పుప్పాలగూడ, గొట్టం, అద్దం, అన్నీ చెప్పాను. వరస తప్పి చెప్పాను. అప్పటికి మిగతావాళ్ళు వస్తున్నారు, వింటున్నారు. అయినా ఆపలేదు.

“నీ డైరీ చూపిచ్చి క్లయింట్‌కు ఏం చెప్పల్లమ్మా నేను?”

“ఫొటో అంకె వేరుగా ఉంది సార్, నా ఒక్కదానికే. ఆ ఫొటో మొత్తం ప్రింటు మీ బీరువాలో ఉంటుంది. అంచుల్లో గుంటలు ఉండి ఉంటాయి. ఒక్కసారి చూడండి.”

ఆయన బీరువా తెరిచి పెద్ద ప్రింటు తీశారు. నా షీటులోకి రాని అంచుల్లో నిజంగానే గుండ్రటి గుంటలు ఉన్నాయి. గోడ మీది నియమం పెట్టి చూస్తే అవన్నీ బోర్లించిన గిన్నెల్లా ఉబ్బి కనిపించాయి; మిగతా పదమూడు షీట్లలో అలాంటివన్నీ గుంటలే. ఆయన ప్రింటుని తలకిందులు చేశారు. మళ్ళీ తిప్పారు.  పదకొండింటికి కొరియర్ అతను వచ్చాడు. ప్రతాప్ గారు మెట్ల దాకా వెళ్ళి, “ఈ పొద్దు లేదు, బుధవారం రా,” అని పంపేశారు.

మధ్యాహ్నం జాబితా పెట్టారు. అందులో నా పేరు లేదు. నా బల్ల దగ్గరికి ఆయనే వచ్చి చెప్పారు. “సున్నా ఉన్నోళ్ళ పేర్లే రాయల్ల. నీకు ఒకటి వచ్చింది. దాన్ని నేనూ పాస్ చేసినా కాబట్టి నా పేరుతో కూడా ఒకటి పైకి రాసి పంపినా. నీకు ఇంకో మూడు నెలలు చూస్తారు.” సరేనండి అన్నాను. బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.

పన్నెండు చుట్ల పళ్ళూ తీసెయ్యడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. లోయ తీసేశాను. తర్వాత కింది చుట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. నీడలో ఉన్న పక్క ఏమీ కనిపించదు కనుక అక్కడ గీత తెగ్గొట్టి చుక్కలు పెట్టాను. ఒక్కొక్క చుట్టే చిన్నదవుతూ పైకి వెళ్ళింది. సాయంత్రం ఆరు దాటేసరికి అందరూ వెళ్ళిపోయారు. పై చుట్టు ఒక్కటి మిగిలింది.

ప్రతాప్ గారు హెల్మెట్ చేత్తో పట్టుకుని వెళ్తూ నా వెనకాల ఆగారు. కాసేపు తెర వైపు చూశారు.

“పైన ఎట్లుంటుంది? మొనదేలి ఉంటుందా?”

“లేదండి. ఒక్క మొన కాదు. పొడుగ్గా ఉంటుంది, రెండు మూడు గడ్డలు పక్కపక్కన.”

“ఫొటోలో ఒకటే తెల్లగా కొట్టేసింది కదా.”

“ఫొటోలో తెలియదండి. మబ్బు పలచగా అడ్డం వచ్చినప్పుడు మెరుపు తగ్గి విడివిడిగా కనిపించాయి.”

ఆయన హెల్మెట్ బల్ల మీద పెట్టి, పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“ఎంత ఎడంగా ఉన్నాయి?” అన్నారు. “చెప్పు. గీస్తాం.”